ఈడితమ్మగారి సైకిలు

లిటిల్ ఆష్‌బీ గ్రామం, ఇంగ్లండు
18 ఏప్రిల్ 1994

బావకి, నీ కుమారి రాస్తున్నది.

నేను చేరి పదకొండు రోజులైంది. కార్డు ముక్క పడేశాను గానీ అందులో ఏం పడుతుంది, నా పేరు పట్టడమే గగనమైంది. ఇవాళ తీరిక దొరికింది. నువ్వూ మొక్కలకి నీళ్ళు పెట్టి, కాళ్ళు కడుక్కుని, తీరిగ్గా చదువుకో.

నేను కనిపెట్టుకుని ఉండాల్సిన మన మేడమ్ వాళ్ళమ్మగారి పేరు ఈడిత్. డెబ్బై నాలుగేళ్ళు. గుమ్మంలో అడుగు పెట్టగానే "నన్ను ఈడిత్ అని పిలు" అంది. అంత పెద్ద మనిషిని పేరు పెట్టి పిలిచానని తెలిస్తే మా అమ్మ నరసాయమ్మ నా నాలిక మీద వాత పెట్టదూ! అందుకని "ఈడితమ్మగారూ" అంటున్నాను. ఆవిడకది తెగ నచ్చేసింది. పాలు పోసేవాడితో కూడా "నా పేరు ఇప్పుడు ఈడితమ్మగారు" అని చెప్పుకుంది.

ఇక్కడి ఆకాశాన్ని నమ్మడానికి లేదు బావా. పొద్దున ఎండ చూసి దుప్పట్లు ఆరేస్తే, పిన్నులు పెట్టేలోపు వాన. లోపలికి తెచ్చి మడతపెడితే మళ్ళీ ఎండ. మొన్న వాన, ఎండ, వడగళ్ళు మూడూ ఒక్క పూటలో చూశాను. అవాలిలో నువ్వు ఏడాదికి రెండు చినుకులు పడితే చేతులు చాపుకుని బయటికి పరిగెత్తేవాడివి కదా, నిన్ను ఇక్కడ పడేస్తే పిచ్చెక్కిపోతావు.

ఇప్పుడు అసలు సంగతి. బయల్దేరేముందు మేడమ్ నాతో ఏమందో నీకూ తెలుసు. "మా అమ్మ కిందటి చలికాలం సైకిలు మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. మళ్ళీ సైకిలు ముట్టుకోనివ్వకు. సెప్టెంబరులో నేనొచ్చి చూస్తాను. ఒక్కర్తీ బతకలేదనిపిస్తే ఇల్లు తాళంపెట్టి వృద్ధుల హోములో చేర్చేస్తాను." నేను సరే సరేనని తలూపి వచ్చాను.

గురువారం నేను గిన్నెలు కడుగుతుంటే బయట టింగుమని బెల్లు. చూద్దును కదా, ఈవిడ సామాన్ల కొట్లోంచి సైకిలు బయటికి లాగి ఎక్కేసింది! "అమ్మా, మేడమ్ చెప్పారు, వద్దు" అన్నాను. "మీ మేడమ్‌కి సైకిలు నేర్పింది నేను" అని తొక్కేసింది. చేతినిండా సబ్బుతో, చీర ఎగ్గట్టి, ఆవిడ వెనక మైలు దూరం పరిగెత్తాను. చర్చి దగ్గర ఆగి, నా రొప్పు చూసి నవ్వింది. ఆవిడ అలా నవ్వగా ఈ పదకొండు రోజుల్లో చూడలేదు.

మేడమ్‌కి చెప్పాలా, మానాలా? చెబితే ఈవిడ ఇల్లు పోతుంది. చెప్పకపోతే నా మాట పోతుంది. నువ్వే చెప్పు.

సత్యకుమారి


అవాలి, బహ్రెయిన్
30 ఏప్రిల్ 1994

కుమారికి, భీమరాజు దీవెనలు.

నీకు ఉత్తరం రాయడం తెలుసు గానీ, దాన్ని ఎవరెవరు వింటారో తెలుసుకోవడం రాలేదు. మన సార్ కంపెనీ డ్రైవరు ముర్తుజా భాయ్, మన తెలుగాయనే, టపా తెచ్చి నా చేతిలో పెడుతుంటే వంటింటి కిటికీలోంచి మేడమ్ చూసింది. "కుమారి ఏం రాసింది? చదువు" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ళమ్మగారు ఫోనులో "బాగున్నాను" అని ఠపీమని పెట్టేస్తారట. అసలు కబురు నీ ఉత్తరంలోనే ఉంటుందని ఈవిడ నమ్మకం.

ఏం చెయ్యను? నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో ఒక్కో వాక్యమే చెప్పుకుంటూ పోయాను. దుప్పట్ల దగ్గర నవ్వింది. ఈడితమ్మగారన్న పేరు రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. తర్వాత సైకిలు వచ్చింది. "పెద్దమ్మగారు తోటలో నడుస్తున్నారు" అన్నాను. ఉత్తరం ఇంత పొడుగుంటే మాట ఇంతేనా అన్నట్టు నా చేతిలో కాగితం వైపు చూసింది. గబగబా మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. సైకిలు మానిపించు. మన ఇద్దరికీ తొమ్మిదేళ్ళుగా ఒకే గోడల మధ్య చోటిచ్చిన మనిషి. గల్ఫుకొచ్చి మొగుడూ పెళ్ళాం ఒకే ఇంట్లో పనిచేసుకునే అదృష్టం ఎంతమందికుంది? భార్య జింజ్ పేటలో ఎవరింట్లోనో ఉంటే భర్త ఎక్కడో లేబరు క్యాంపులో. ఆ అమ్మగారు పడి కాలో చెయ్యో విరిగిందంటే ఎవరిమీదకి వస్తుంది? అబద్ధం ఆడటం నాకు చేతకాదని నీకు తెలుసు. ఇంకోసారి సైకిలు ఊసు వస్తే ఉన్నదున్నట్టు చదివేస్తాను.

నా గురించి బెంగ వద్దు. వేళకి వండుకు తింటున్నాను.

భీమరాజు


లిటిల్ ఆష్‌బీ
16 మే 1994

బావకి,

వేళకి వండుకు తింటున్నావా? ఎవరికి చెబుతావయ్యా ఈ కబుర్లు! పొద్దున టీ, ఖుబూసు, మధ్యాహ్నం పెరుగు, ఖుబూసు, సాయంత్రం ఖుబూసు. రొట్టెలు తిని తిని నువ్వే రొట్టెలా తయారవుతావు. పచ్చడి సీసా బీరువా కింద అరలో ఉంది, వెతుక్కో.

నీ మాట ప్రకారం సైకిలు మానిపించాను. ఎలాగంటే, రెండు చక్రాల్లో గాలి తీసేసి, పంపు నా మంచం కింద దాచాను. ఈవిడ వెళ్ళి చక్రాలు నొక్కి చూసుకుంది. నన్ను అడగనైనా అడగలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. పెట్టింది పెట్టినట్టే వదిలేసింది. మూడో రోజు గుడ్డు కూడా ముట్టకుండా, "కుమారీ, ఆ హోములో కిటికీలు పెద్దవిగా ఉంటాయట" అంది. అంతే బావా, పంపు తీసుకొచ్చి నేనే గాలి కొట్టాను.

కోప్పడతావు, కోప్పడు. ఇంకొకటి కూడా చెప్పేస్తాను, ఒకేసారి తిట్టెయ్యి. నేను కూడా నేర్చుకున్నాను. ఆవిడ వెనక రోజూ పరుగెత్తలేక చచ్చిపోతున్నాను మరి. ముప్పై అయిదేళ్ళ దాన్ని, డెబ్బై నాలుగేళ్ళావిడ సీటు పట్టుకుని వెనక నడుస్తూ నేర్పింది. ముళ్ళకంచెలో రెండుసార్లు పడ్డాను. చీర చైన్లో చుట్టుకుంటోందని వాళ్ళాయన పాత ప్యాంటు ఇచ్చింది. నవ్వకు. ఆ మహానుభావుడు పోయి ఎనిమిదేళ్ళయింది, ఆయన ప్యాంటు నాకు మోకాళ్ళ కిందకి రెండు మడతలు.

ఇప్పుడు వారానికి మూడు రోజులు వెళుతున్నాం. దారులు ఎంత సన్నమంటే ఎదురుగా గొర్రెలమంద వస్తే దిగి పక్కకి నిలబడాలి. రెండు పక్కలా మనిషెత్తు కంచెలు, వాటి కింద నీలంరంగు పూలు. వాన వస్తే ఆగుతామనుకున్నావా? ఆవిడ ఆగదు. "వాన మనకోసం రాలేదు, దాని దారిన అది పోతోంది" అంటుంది. నిన్న కొండ దిగుతుంటే గాలి ముఖానికి కొట్టి, ఎందుకో తెలీదు, గట్టిగా కేక పెట్టాను. ఆవిడా పెట్టింది.

ఆవిడ ఇప్పుడు రెండు గుడ్లు తింటోంది. మధ్యాహ్నం కునుకు తీస్తోంది. మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవడం మానేసింది. నేను కళ్ళారా చూసి చెబుతున్నాను, సైకిలే ఆవిడకి మందు.

నీకో ఉపాయం. ఇకనుంచి రెండు కాగితాలు పంపుతాను. నీలం కాగితం మేడమ్ దగ్గర చదువు. తెల్లది నీకు. నీలం దాంట్లో కూడా అబద్ధం ఒక్కటి రాయను. సైకిలు మాట ఉండదు, అంతే.

సత్యకుమారి


అవాలి
9 జూన్ 1994

కుమారికి,

ప్యాంటా? నువ్వా? సరే, ఆ మాట నేను చదవలేదనుకుంటాను.

ఇక్కడ ఎండ నిప్పులు చెరుగుతోంది. పొద్దున ఆరింటికే గన్నేరు ఆకులు వాలిపోతున్నాయి. గాలి వస్తే ఇసక, రాకపోతే ఉక్క. రెండే రకాలు. నీ ఉత్తరంలో వాన సంగతి నాలుగుసార్లు చదివాను.

నీలం కాగితం చదివాను. నీ ఉపాయం నీకు బాగానే ఉంది, చదివేవాడికి తెలుస్తుంది దాని కష్టం. తెల్లకాగితం జేబులో ఉంటే, వంటింట్లో మేడమ్ ఎదురుగా దొంగసొత్తు పెట్టుకుని నిలబడ్డట్టుంది. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చిన్నపిల్లలా వింటుంది. "మా అమ్మ రెండు గుడ్లు తింటోందా, నిజంగానా?" అని కళ్ళు తుడుచుకుంది. "నవ్వుతోందా?" అంది. "నవ్వుతున్నారు మేడమ్" అన్నాను. అదొక్కటి నిజం చెప్పగలిగాను కాబట్టి ఆ పూట అన్నం సయించింది. అవును, అన్నమే. వండుకున్నాను. మాడింది.

నీకు కోపం వస్తే రానీ. మనం చేసేది తప్పు. తల్లి ఆరోగ్యం కూతురికి తెలియకుండా మధ్యలో మనమెవరం? కానీ నువ్వు రాసిన ఆ కిటికీ మాట నన్ను కూడా వదలడం లేదు. మా నాన్న పేరయ్య ఆఖర్న మంచం మీద ఏడాది ఉన్నాడు. గేదెల దగ్గరకి తీసుకెళ్ళరా అని రోజూ అడిగేవాడు. పడిపోతావని తీసుకెళ్ళలేదు.

సెప్టెంబరు వరకు నోరు మూసుకుంటాను. మేడమ్ అక్కడికి వచ్చిన రోజున నువ్వే నీ నోటితో చెప్పాలి. నాకు మాటివ్వు.

నీ కొబ్బరినూనె సీసా తలుపు వెనకే ఉంది. తీసి లోపల పెడదామనుకుంటాను, పెట్టబుద్ధి కాదు.

భీమరాజు


దారిలో, ఒక చెట్టు కింద
10 జులై 1994

బావకి,

మాటిచ్చాను. సెప్టెంబరులో నేనే చెబుతాను. ఒట్టు.

ఇవాళ తొమ్మిది మైళ్ళు వచ్చాం. ఎవరూ నమ్మరు. కొండెక్కుతుంటే ఈడితమ్మగారి సైకిలు చైను ఊడింది. ఆవిడ చెబుతుంటే నేను వేశాను, మూడోసారికి పట్టింది. చేతులు మోచేతులదాకా నల్లగా అయ్యాయి, తడిగడ్డిలో రుద్దితే కొంచెం పోయింది. వేసిన మరుక్షణం కుండపోత వాన. చెట్టుకింద కూర్చున్నాం. ఆవిడ సంచిలోంచి కేకు తీసి నాకు పెద్ద ముక్క ఇచ్చింది. ఎదురుగా కంచెలో ఎర్ర పోస్టుడబ్బా కనిపించి, నీకు రాయాలనిపించి, సంచిలో ఉన్న కాగితం మీద రాస్తున్నాను, స్టాంపు అంటించిన కవరూ ఉంది. అందుకే ఇవాళ నీలం కాగితం లేదు.

బావా, నేను చాలా సంతోషంగా ఉన్నాను. నువ్వు లేవు, అదొక్కటే లోటు. వాన తగ్గేలోగా డబ్బాలో పడేసి వస్తాను.

కుమారి


అవాలి
20 జులై 1994

కుమారికి,

కొంప మునిగింది. పూర్తిగా రాస్తాను, చదివి నీ తల నువ్వే బాదుకో.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి ముర్తుజా భాయ్ గేటు దగ్గర నీ కవరు ఇచ్చాడు. మూలలు నల్లగా ఉన్నాయి. ఒక మూల కాదు, మూడు మూలలు. మన వైపు శుభం కబురుకి పసుపు పూస్తారు, చావు కబురుకి నలుపు పూస్తారు, నీకు నేను చెప్పాలా? అలాంటి ఉత్తరాన్ని గుమ్మం దాటనివ్వరు, వీధిలోనే చదివి చింపేస్తారు. కవరు మీద రాత నీదే కాబట్టి పోయిందెవరో వేరే చెప్పేవాళ్ళు అక్కర్లేదు. విప్పే ధైర్యం లేదు. గోడ బయట రాయికింద పెట్టాను. తోటకి నీళ్ళు పెట్టే గొట్టంతో నెత్తిన నీళ్ళు పోసుకున్నాను. ఆ తడిబట్టలతోనే వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, మేడమ్‌తో చెప్పాను. "మేడమ్, పెద్దమ్మగారు పోయారు" అన్నాను. ఏడ్చాను కూడా.

మేడమ్ గోడకి జారగిలబడిపోయింది. నెమ్మదిగా లేచి ఫోను చేసింది. మోగుతోంది, మోగుతోంది, ఎవరూ తియ్యరు. మూడుసార్లు చేసింది. మీ పక్కింటాయన నంబరు వెతికి అది తిప్పింది. అంతసేపూ నేను నీళ్ళు కారుతూ గుమ్మంలో నిలబడే ఉన్నాను. అవతల ఆయన ఏమన్నాడో మేడమే తర్వాత చెప్పింది. "ఈడితా? పోవడమేంటి? తొమ్మిదింటికి ఆ ఇండియా అమ్మాయితో సైకిలు మీద పోతూ నాకు చెయ్యి ఊపిందే! వారానికి మూడుసార్లు పోతారుగా" అన్నాడట.

మేడమ్ ఫోను పెట్టేసి నా వైపు చూసింది. అరిచినా బాగుండేది. "ఎన్నాళ్ళనుంచి?" అంది. అప్పుడు వెళ్ళి రాయికింద కవరు తెచ్చి విప్పి, ఒక్క ముక్క వదలకుండా చదివాను. జేబులోని తెల్లకాగితాలు కూడా తెచ్చి చదివేశాను. ప్యాంటుతో సహా. నా వల్ల కాలేదు కుమారీ, ఖలాస్.

చైను నలుపట! చెయ్యి కడుక్కుని కవరు పట్టుకోవడానికి ఏం రోగం నీకు?

ఇవాళ సాయంత్రం విమానానికి మేడమ్ బయల్దేరుతోంది. ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇస్తున్నాను. ఏం రాశావని ఈసారి అడగలేదు. మన పని ఉంటుందో పోతుందో తెలీదు. ఏమన్నా ఎదురు చెప్పకు. తప్పు ఇద్దరిదీ అని చెప్పు.

భీమరాజు


లిటిల్ ఆష్‌బీ
29 జులై 1994

బావకి,

తిట్టు బావా, ఎంతైనా తిట్టు. వానలో పరుగున వెళ్ళి డబ్బాలో వేశాను, మూలలు చూసుకోలేదు. నీ ఉత్తరం చదివి, నెత్తిన నీళ్ళు పోసుకున్నావన్న చోట ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను.

మేడమ్ వచ్చి రెండు రోజులు పైగది తలుపేసుకుని కూర్చుంది. నేనే వెళ్ళి, "మీకిచ్చిన మాట తప్పాను, తప్పు నాదే" అన్నాను. "నీ టిక్కెట్టు మార్పిస్తున్నాను" అంది. సామాను సర్దుకున్నాను. ఈడితమ్మగారు నా పెట్టె చూసి కూతురి దగ్గరికి వెళ్ళింది. "నీకు తాళం ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకో. దానికి ముందు ఆదివారం నాతో ఒక్కసారి రా" అంది. కొట్లోంచి మూడో సైకిలు తీసింది. మేడమ్ చిన్నప్పటిది.

ముగ్గురం బయల్దేరాం. మొదట ఎండ. రెండో మైలులో మబ్బు. కొండ మొదట్లో వడగళ్ళు, గోళీకాయలంతేసి. ఈడితమ్మగారు గేరు మార్చుకుని, నెమ్మదిగా, దిగకుండా ఎక్కేసింది. మేడమ్ సగంలో దిగిపోయింది. నేను ఆవిడ పక్కనే సైకిలు నడిపించుకుంటూ ఉన్నాను. ఉన్నట్టుండి మేడమ్ రోడ్డు మీదే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పైనుంచి పెద్దావిడ సైకిలు తిప్పుకుని వచ్చేసింది.

"సోమవారం నువ్వు చచ్చిపోయావమ్మా. పావుగంట నిజంగా చచ్చిపోయావు. ఆఖరిసారి నీతో ఏం మాట్లాడానా అని గుర్తు తెచ్చుకున్నాను. మాత్రలు వేసుకున్నావా అన్నాను. ఏడాదిగా నీతో అదొక్కటే అంటున్నాను" అంది మేడమ్. తల్లి తన టోపీ తీసి కూతురి నెత్తిన పెట్టింది. ఆ వడగళ్ళలో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. నేను మూడు సైకిళ్ళూ పట్టుకుని నిలబడ్డాను.

మన ఊళ్ళో అంటారే, పోయారని తప్పుడు కబురు పుడితే ఆయుష్షు పెరుగుతుందని. కిందకి దిగాక టీ కొట్లో వాళ్ళకది చెప్పాను. ఈడితమ్మగారు పడీపడీ నవ్వింది. "అయితే మీ ఆయన నాకు పదేళ్ళు ఇచ్చాడన్నమాట" అంది. మేడమ్ కూడా నవ్వింది.

ఇంటికి తాళం వెయ్యరు బావా! ఈ ఊరావిడ ఒకామె రోజూ పొద్దున వచ్చి చూసుకుంటుంది. మంచు పడే నెలల్లో మాత్రం సైకిలు కొట్లోనే ఉండాలని తల్లిచేత కాగితం మీద సంతకం పెట్టించుకుంది మేడమ్. ఈడితమ్మగారు పెట్టేటప్పుడు నాకు కన్నుకొట్టింది, అది నేను చూడలేదు.

నా పని పోలేదు, నీదీ పోలేదు. మేడమ్ రేపు బయల్దేరుతోంది. కొత్తావిడకి అన్నీ చూపించి నేను ఆగస్టు ఇరవైన వస్తాను.

కవరు మూలలు చూడు, తెల్లగా ఉన్నాయి. సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.

నీ కుమారి


అవాలి
8 ఆగస్టు 1994

కుమారికి,

నీ ఉత్తరం అందింది. మేడమ్ కూడా చేరింది. ఇప్పుడు రోజూ వాళ్ళమ్మగారితో ఫోనులో అరగంట మాట్లాడుతోంది. నన్ను చదవమనడం లేదు. హాయిగా ఉంది.

నీకొక సంగతి చెప్పలేదు. ఆ ఉత్తరం మేడమ్ చేతికి ఇస్తున్నాను కాబట్టి రాయలేదనుకుంటావేమో, అందుకు కాదు, ఆవిడకి తెలుగు రాదుగా. సిగ్గేసి రాయలేదు.

ఆ రోజు కవరు మూల నలుపు చూడగానే నాకు పెద్దమ్మగారు గుర్తుకే రాలేదు. నువ్వే అనుకున్నాను. ఎవరో రాసి పడేశారు, నువ్వు పోయావనుకున్నాను. గేటు దగ్గరే కూలబడిపోయాను. ముర్తుజా భాయ్ భుజం పట్టి కుదుపుతున్నాడు. "ఏమైంది భాయ్? గట్ల కూసున్నవేంది? నీళ్ళు తాగుతవా?" అంటున్నాడు. నేను నీకు కోపంగా రాసినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒక్క మంచి మాట ఏదైనా రాశానా అని వెతుక్కున్నాను.

ఎంతసేపటికో కవరు తిప్పి చూస్తే మీద నా పేరు నీ చేత్తో రాసి ఉంది. ఇంగ్లీషు బి అక్షరానికి కింది పొట్ట పెద్దది చేస్తావే, అదే రాత. నువ్వు రాశావు, అంటే బతికున్నావు. అంటే పోయింది పెద్దమ్మగారు. కుమారీ, నాకు సంతోషమేసింది. పాపమని తెలుసు, అయినా వేసింది. రెండు చేతులూ జోడించి దేవుడికి దణ్ణం పెట్టాను. నీళ్ళు పోసుకుంటూ ఏడ్చింది అందుకు, మేడమ్ ముందు ఏడ్చింది కూడా అందుకే.

ఆవిడ అదంతా వాళ్ళమ్మ కోసమనుకుంది. "మా అమ్మంటే భీమరాజుకి ప్రాణం, ఆ రోజు నాకంటే ఎక్కువ ఏడ్చాడు" అని నిన్న సార్‌తో కూడా చెప్పింది. నేను తల దించుకుని మొక్కలకి నీళ్ళు పెట్టుకున్నాను.

ఈడితమ్మగారికి నా తరఫున కాళ్ళకి దణ్ణం పెట్టు. ఎందుకని అడిగితే నిజం చెప్పు, ఆవిడ అర్థం చేసుకుంటుంది. మేడమ్‌కి మాత్రం చెప్పకు. ఇరవయ్యో తేదీ ఎయిర్‌పోర్టులో ఉంటాను. త్వరగా రా.

నీ బావ
భీమరాజు